పాత డీజిల్ ఎస్‌యూవీల్లో ఈసీఎం మార్పిడి: పల్నాడు ప్రాంతం

ఇంజిన్‌కు ఎంత డీజిల్ అందాలో, ఏ క్షణంలో అందాలో నిర్ణయించే ఎలక్ట్రానిక్ కంట్రోల్ మాడ్యూల్ చెడిపోయినప్పుడు దాన్ని తీసి, ఆ బండికి సరిపోయే మరొకటి బిగించి, బండి వివరాలను అందులోకి ఎక్కించే పనే ఈసీఎం మార్పిడి. షెడ్లలో ఈసీఎంను ఈసీయూ అనీ, కంప్యూటర్ అనీ కూడా అంటారు. బిగించడం అరగంట పని. చెడింది నిజంగా ఈసీఎమ్మేనని తేల్చడం, పాతదానిలోని వివరాలను కొత్తదానికి చేర్చడం అసలైన పని. ఈ రెండింటిలో ఏది లోపించినా డబ్బు పోతుంది, బండి మాత్రం కదలదు.

నేపథ్యం

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడిపోయి, నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. మాచర్ల, గురజాల, వెల్దుర్తి వైపు రాతినేలల్లో, పత్తి, మిర్చి చేలకు వెళ్లే మట్టిబాటల్లో నేలకు ఎత్తుగా ఉండే డీజిల్ బళ్లే పనికొస్తాయి. టాటా సఫారీ 1998లో, మహీంద్రా బొలెరో 2000లో, స్కార్పియో 2002లో మార్కెట్లోకి వచ్చాయి. మొదట్లో వీటి డీజిల్ పంపులు యాంత్రికమైనవి కాబట్టి స్పానర్లతోనే చాలావరకు మరమ్మతు జరిగేది. ప్రపంచంలో 1997లో కార్లలోకి వచ్చిన కామన్ రైల్ పద్ధతి (డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో ఒకే గొట్టంలో ఉంచి అన్ని ఇంజెక్టర్లకూ అందించేది) 2000ల దశకం మధ్యలో స్కార్పియో సీఆర్‌డీఈ, సఫారీ డైకార్ రూపంలో మన ఊళ్లకు చేరింది. దానితోపాటే ఈసీఎం కూడా వచ్చింది.

సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆపై ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. తొలి కామన్ రైల్ బళ్లు ఆ గడువు దాటేశాయి. ఇంజిన్ గట్టిగా ఉన్నా వైరింగ్ ముసలిదైపోయిన వయసు అది.

పనిచేసే తీరు

మెయిన్ రిలే ద్వారా ఈసీఎంకు బ్యాటరీ కరెంటు అందుతుంది. అది సెన్సర్లకు 5 వోల్టులు పంపుతుంది. క్రాంక్, క్యామ్ సెన్సర్లు ఇంజిన్ స్థితిని, పెడల్ సెన్సర్ డ్రైవర్ కోరికను, రైల్ ప్రెజర్ సెన్సర్ డీజిల్ ఒత్తిడిని తెలియజేస్తాయి. రెండో తరం కామన్ రైల్‌లో ఈ ఒత్తిడి 1,600 బార్ దాకా వెళ్తుంది. ఇంజెక్టర్‌ను రెప్పపాటుకన్నా తక్కువ కాలంలో తెరవడానికి 12 వోల్టులు చాలవు. అందుకే ఈసీఎం లోపలి సర్క్యూట్ వోల్టేజీని కొన్ని రెట్లు పెంచి ఇంజెక్టర్లకు పంపుతుంది.

చెడిపోయే కారణాలు

బ్యాటరీ తీగలు తీయకుండా ఛాసిస్‌కు వెల్డింగ్ చేయడం, జంప్ స్టార్ట్ చేసేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారు కావడం, ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ పాడై ఛార్జింగ్ 15 వోల్టులు దాటిపోవడం తరచుగా ఎదురయ్యే కారణాలు. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెజర్ నీళ్లు ప్లగ్గులోకి చొరబడితే పిన్నులకు చిలుము పడుతుంది. నెలల తరబడి కదలని బళ్లలో ఎలుకలు తీగలు కొరుకుతాయి.

ఈ ప్రాంతానికే చెందిన కారణాలు రెండున్నాయి. రాష్ట్రంలో అత్యధిక ఎండలకు పేరుపడిన రెంటచింతల ఇక్కడే ఉంది. బానెట్ కింది వేడికి ఆ ఎండ తోడైతే తీగల తొడుగులు, రబ్బరు సీళ్లు పెళుసెక్కుతాయి. పిడుగురాళ్ల చుట్టుపక్కల సున్నపు బట్టీల దుమ్ము రెండోది. తడి తగిలిన సున్నం అల్యూమినియాన్ని తినేస్తుంది. చాలా ఈసీఎంల పెట్టె అల్యూమినియందే.

లోపం తేల్చడం

సెల్ఫ్ కొడుతుంది, బండి అందుకోదు. తాళం తిప్పినా చెక్ ఇంజిన్ లైట్ వెలగదు. స్కానర్ పెడితే ఈసీఎం పలకదు. ఇవి ఈసీఎం పోయిన లక్షణాలే, అయితే ఒక ఫ్యూజు, ఒక రిలే, ఒక ఎర్త్ తీగ పోయినా సరిగ్గా ఇవే కనిపిస్తాయి. యూ0100 అనే కోడ్ ఈసీఎంతో సంబంధం తెగిందని మాత్రమే చెబుతుంది, ఎందుకు తెగిందో చెప్పదు. పీ0606 అయితే లోపలి ప్రాసెసర్ లోపాన్ని సూచిస్తుంది. అప్పుడు కూడా కరెంటు, ఎర్త్ చూశాకే నిర్ణయానికి రావాలి.

మొదటి పరీక్ష ఎర్త్‌ది. ప్లగ్గు ఊడదీయకుండా మీటర్ ఎర్ర ప్రోబును ఈసీఎం ఎర్త్ తీగ వెనుకవైపు నుంచి ఆనించి, నల్లదాన్ని బ్యాటరీ మైనస్‌పై పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. 0.1 వోల్టు లోపు వస్తే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు కనిపిస్తే తీగలోనో, ఛాసిస్‌కు బిగించిన బోల్టు దగ్గరో తుప్పు ఉన్నట్టు. బండి ఆపి ఓమ్స్‌లో చూస్తే ఇది బయటపడదు: ఒక్క పోగు మిగిలిన తీగ కూడా మీటర్‌కు మంచిదిగానే కనిపిస్తుంది, కరెంటు పారినప్పుడే దాని అసలు సంగతి తెలుస్తుంది.

రెండోది 5 వోల్టుల పరీక్ష. సెన్సర్ల దగ్గర ఆ వోల్టేజీ లేకపోతే సెన్సర్ ప్లగ్గులను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ చూడాలి. ఏదో ఒకటి తీయగానే 5 వోల్టులు తిరిగొస్తే షార్ట్ అయింది ఆ సెన్సరో, దాని తీగో. ఈసీఎంలో లోపం లేదు. అన్నీ తీసినా రాకపోతే, కరెంటు, ఎర్త్, తీగలు బాగున్నాయని తేలితే అప్పుడు ఈసీఎంను అనుమానించాలి.

మార్పిడి

ఇగ్నిషన్ ఆపిన తర్వాత కూడా మెయిన్ రిలే కాసేపు ఈసీఎంకు కరెంటు ఇస్తూనే ఉంటుంది. అది ఆగాకే బ్యాటరీ మైనస్ తీయాలి. ప్లగ్గును తీగలు పట్టి లాగకుండా లాక్ లీవర్‌ను విప్పి తీయాలి. కొత్త పెట్టె మీది నంబరు పాతదానితో అంకె అంకెకూ కలవాలి. బాష్ డీజిల్ ఈసీఎం నంబర్లు 0281తో మొదలవుతాయి. పెట్టె ఒకేలా ఉన్నా లోపలి సాఫ్ట్‌వేర్ వేరే మోడల్‌ది కావచ్చు.

ఆపై మూడు వివరాలు ఎక్కించాలి. బండి మోడల్‌కు, ఎక్విప్‌మెంట్‌కు తగిన సాఫ్ట్‌వేర్ ఒకటి. ఇమ్మొబిలైజర్ (బండి సొంత తాళాన్ని గుర్తిస్తేనే ఇంజిన్‌ను నడవనిచ్చే ఏర్పాటు) ఉన్న బళ్లలో తాళాల గుర్తింపు రెండోది, అందుకే ఉన్న తాళాలన్నీ తీసుకెళ్లాలి. ఇది కలవకపోతే ఈసీఎం ఎంత మంచిదైనా ఇంజిన్ నడవదు. ఇంజెక్టర్ కోడ్లు మూడోది. కోడ్లు ఉన్న రకం ఇంజెక్టర్లలో ప్రతిదాని తలపై ఒక కోడ్ ముద్రించి ఉంటుంది. సిలిండర్ల వరుస తప్పకుండా వాటిని నమోదు చేయాలి. చేయకపోతే పొగ, చప్పుడు, నిలకడలేని ఐడ్లింగ్ కనిపిస్తాయి.

మరమ్మతు, సెకండ్ హ్యాండ్

పాత మోడళ్లకు కొత్త ఈసీఎం దొరకనప్పుడు రెండు దారులున్నాయి. బోర్డు మీద కాలిన భాగాన్ని మార్పించడం ఒకటి. పాత బండి నుంచి తీసిన, నంబరు కలిసే ఈసీఎంలోకి మన ఈసీఎం మెమరీని యథాతథంగా కాపీ చేయించడం మరొకటి. రెండో దారిలో తాళాల గుర్తింపు, ఇంజెక్టర్ కోడ్లు వాటంతట అవే వచ్చేస్తాయి. విడిభాగాల కోసం నరసరావుపేట, మాచర్లల నుంచి గుంటూరుకో విజయవాడ ఆటోనగర్‌కో వెళ్తుంటారు. మాచర్ల నుంచి గుంటూరుకు వంద కిలోమీటర్లకు పైనే. అంత దూరం వెళ్లేముందు పెట్టె మీది నంబర్ల ఫొటో పంపి సరిచూసుకోవాలి. సెకండ్ హ్యాండ్ ఈసీఎంకు బిల్లు తీసుకోవాలి.

తర్వాతి పరీక్షలు

బండి స్టార్ట్ కాగానే పని ముగిసినట్టు కాదు. పాతదాన్ని కాల్చిన కారణం ఇంకా ఉంటే కొత్తదీ కాలిపోతుంది. ఛార్జింగ్ 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉందో లేదో చూడాలి. లోపాల కోడ్లు చెరిపి, ఇంజిన్ వేడెక్కేదాకా రోడ్డు మీద నడిపి, మళ్లీ స్కానర్ పెట్టాలి. ఈసీఎం కోరిన రైల్ ప్రెజర్, వాస్తవంగా వస్తున్నది దగ్గరగా ఉండాలి. బండి కొన్నాళ్లు ఇబ్బంది లేకుండా నడిచేదాకా పాత ఈసీఎంను పారేయకూడదు, అమ్మేయకూడదు. కొత్తదానిలో ఏ వివరమైనా తప్పిపోతే తిరిగి తీసుకోవడానికి ఆ పాత మెమరీయే ఆధారం.