ఎవరి పాపం ఈ కరువు?

మిరప కోతల రోజుల్లో మా అద్దంకి వైపు ఏ చేలోకి వెళ్ళినా ఒక మాట వినబడుతుంది. వాన ముఖం చాటేసినా, పైరుకు తెగులు తగిలినా, చంటివాడికి జబ్బు చేసినా, "ఏ జన్మలో ఏ పాపం చేసుకున్నానో తల్లీ" అంటుంది ఆడమనిషి. ఆమె తనకు తాను జవాబు చెప్పుకుంటున్నదో, ఎవరినో నిలదీసి అడుగుతున్నదో నాకు ఎప్పుడూ తేలలేదు. మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట అనే ఉంటారు. నేనూ అన్నాను.

క్రైస్తవ వేదాంతులు ఇదే ప్రశ్నను ఇంకోలా వేశారు. దేవుడు దయామయుడు, సర్వశక్తిమంతుడు అంటున్నాం గదా, మరి లోకంలో ఇంత కీడు ఎందుకున్నది? ఆపలేకపోతే శక్తి లేదనాలి. ఆపగలిగీ ఊరుకుంటే దయ లేదనాలి. క్రీస్తుకు పూర్వపు గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరస్ పేరు మీద చెలామణి అవుతున్న చిక్కుముడి ఇది. 1755 నవంబరు 1న, పునీతులందరి పండుగనాడు, జనం చర్చీలలో ఉండగా లిస్బన్ నగరాన్ని భూకంపం కూల్చేసినప్పుడు యూరప్ అంతా దీని మీదనే వాదించుకున్నది. లిస్బన్ మనకు దూరం. మన గుండ్లకమ్మ ఒడ్డున కూడా ఒకసారి ఈ ప్రశ్న వచ్చి నిలబడింది. ఆ సంగతి చెబుదామనే ఇదంతా.

1876లో వానలు తప్పాయి. ఆ ఏడు ధాత నామ సంవత్సరం కనుక పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. 1877లోనూ తెరిపి లేదు. ఒక్క మద్రాసు రాజధానిలోనే 35 లక్షలమంది దాకా పోయారని అంచనా. ఆ లెక్కలో ముందు వరసన నిలిచినవాళ్ళు భూమి లేని కూలీలు, మాదిగలు, మాలలు. పశువులు చచ్చాయి, ఆసాములకే పని లేదు, ఇక చెప్పులు కుట్టేవాడి దగ్గరకు ఎవరు వస్తారు?

అయితే వాన ఒక్కటే తప్పు చేసిందా? 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియాను చక్రవర్తినిగా చాటారు. ధాన్యం ఓడలెక్కి సీమకు పోతూనే ఉంది. ఖర్చు తగ్గించాలని వచ్చిన రిచర్డ్ టెంపుల్, మట్టిపని చేసే మగవాడికి రోజుకు పౌను తిండిగింజలు, పైన కొద్దిపాటి చిల్లర చాలునని తేల్చాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఆడవాళ్ళకు ఇంకా తక్కువ. ఇది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా ఎదురు చెప్పాడు. తత్త్వశాస్త్రంలో కీడును రెండు రకాలుగా విడదీస్తారు: ప్రకృతి వల్ల వచ్చేది, మనిషి చేసేది. కరువును అలా విడదీయండి చూద్దాం! వాన ఎక్కడ ఆగిందో, మనిషి ఎక్కడ మొదలుపెట్టాడో గీత గీయడం నా వల్ల కాలేదు.

వేదాంతులు చెప్పిన జవాబులు లేకపోలేదు. నాలుగో శతాబ్దంలో పుట్టిన అగస్టీను, కీడు అనేది విడిగా ఒక వస్తువు కాదు, మంచి లోపించడమే అన్నాడు. మనవాళ్ళకు చెప్పాలంటే చీరకు చిరుగు లాంటిది. చీర లేకుండా చిరుగు ఉండదు, చిరుగు నేసినవాడు ఎవడూ లేడు. ఎంత చక్కటి మాట! కాని ఆకలి కూడా లేమే గదా. అన్నం లేకపోవడమే గదా మనిషిని చంపింది? మనిషికి స్వేచ్ఛ ఇచ్చాక, ఆ స్వేచ్ఛతో అతను చెడు చేస్తే దేవుడి మీద వేయకూడదన్నది ఇంకో జవాబు. అమెరికా తత్త్వవేత్త ప్లాంటింగా 1974లో దీన్ని పదునుగా తర్కించాడు. టెంపుల్ కూలి లెక్కకు ఇది సరిపోవచ్చు; రాని వానకు సరిపోదు. మరి కష్టాలు ఆత్మకు పుటం పెడతాయన్న వాదం? 1966లో జాన్ హిక్ అనే ఆయన రెండో శతాబ్దపు ఐరేనియస్‌ను ఆధారం చేసుకుని ఇదే రాశాడు. నిజమే, కష్టపడి గట్టిపడినవాళ్ళను మనం చూస్తూనే ఉన్నాం. కాని ఎండిన రొమ్ము చప్పరిస్తూ పోయిన పసికందుకు ఏ పుటం పెట్టినట్టు? ఇక్కడ నాకు పండితుల మీద కొంచెం కోపం వస్తుంది, క్షమించాలి.

మన దగ్గర జవాబు వేరు. అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎర్రన, భారతం అరణ్యపర్వశేషంలో ధర్మవ్యాధుడి కథ తెనిగించాడు. మాంసం అమ్ముకునే మనిషి బ్రాహ్మణుడికి ధర్మం చెబుతాడు. ఎవరి సుఖదుఃఖాలు వాళ్ళ పూర్వకర్మ ఫలమంటాడు. కథ గొప్పది. కసాయిచేత ధర్మం చెప్పించడం చిన్న సంగతి కాదు. కాని అదే కర్మసిద్ధాంతం పల్లెలోకి దిగి మాదిగ గూడెం చేరేసరికి ఓదార్పు కాస్తా నేరారోపణ అయింది. నీ ఆకలి నీ పాపం, నీ పుట్టుకే నీ పాపానికి సాక్ష్యం అన్నట్టయింది.

యోహాను సువార్తలో పుట్టుగుడ్డివాణ్ణి చూపి శిష్యులు అడుగుతారు, ఇతను చేసిన పాపమా, తల్లిదండ్రులు చేసినదా అని. రెండూ కాదంటాడు యేసు. దేవుని పని ఇతనిలో కనబడడానికట అంటూ ఆ తర్వాత చెప్పిన మాట నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడదు. కాని ఆ "కాదు" అన్నది ఉన్నదే, గూడెంలో పుట్టినవాడికి అది ఎలా వినబడి ఉంటుందో ఊహించండి.

ఆ మాట మన ప్రాంతానికి చేరవేసినవాళ్ళలో దొరలే కాదు, మనవాళ్ళూ ఉన్నారు. యర్రగుంట్ల పేరయ్య తోలు వ్యాపారం చేసే మాదిగ. క్రైస్తవుడు కాకముందే గురువుల నాశ్రయించి యోగసాధన చేసిన జిజ్ఞాసువు. 1866లో బాప్తిస్మం పొందాడు. ఆ ఏడే ఒంగోలులో కాపురం పెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు కుడిభుజమయ్యాడు. క్రైస్తవులైన మాదిగలు చచ్చిన గొడ్డు తినం, ఆదివారం పని చేయం అనేసరికి ఊళ్ళో పెద్దలకు కోపం వచ్చింది. అంటే కష్టం తీరడం అటుంచి, కొత్త కష్టం నెత్తికెత్తుకున్నారన్నమాట.

కరువు వచ్చినప్పుడు క్లౌ, వెనక తాను సర్వేయరుగా పనిచేసిన అనుభవంతో, బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం గుత్తకు తీసుకున్నాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. పని ఆగిన వేళల్లో కూలీల దగ్గర కూర్చుని క్రీస్తు కథ చెప్పేవారు. ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి. కరువు సాగినన్నాళ్ళూ, సుమారు 15 నెలలు, అతను ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం మతం మారారన్న మాట పడకూడదని.

1878 నడిమికి సహాయం పంచడం ముగిసింది. అప్పుడు వచ్చారు జనం, గుండ్లకమ్మ మీది వెల్లంపల్లికి. క్లౌ పొమ్మన్నాడు, పోలేదు. డబ్బు అడగబోమన్నారు, కష్టం చేసినందుకు సాక్ష్యంగా అరచేతుల్లో బొబ్బలున్నాయన్నారు. వచ్చే పంట కూడా పోతే చస్తామని వాళ్ళకు తెలుసు. చచ్చేది క్రైస్తవులుగా చస్తామన్నారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది. బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్ళలో నిలబడ్డారు. పొద్దున మొదలై, మధ్యాహ్నం కాసేపు ఆగి, సాయంత్రం దాకా సాగింది. ఆ ఏడాది చివరికి సంఖ్య తొమ్మిదివేలు దాటింది.

ఎందుకింత కీడు అన్న ప్రశ్నకు వాళ్ళకు జవాబు దొరికిందా? దొరికిందని నేను అనను. ఆశపడే వచ్చారన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. గింజలు పంచడం అయిపోయాక వచ్చినవాళ్ళ సంగతి వాళ్ళే చెప్పాలి.

క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ మనం గుర్తుంచుకోదగ్గ స్త్రీ. స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి 1898లో గ్రంథం వెలువరించింది. మరుసటేడే ఈ మాదిగ పెద్దల జ్ఞాపకాలు వాళ్ళ నోట విని పుస్తకం వేసింది. 1910లో భర్త పోయాక, అతను చెప్పిన జీవితకథను 1914లో అచ్చు వేయించింది. ఆమె తమ్ముడు వాల్టర్ అమెరికాలో పేరుమోసిన వేదాంతి. పాపం ఒక్కొక్క మనిషి గుండెలోనే కాదు, చట్టాల్లో, వ్యాపారాల్లో, ఆచారాల్లో కూడా గూడు కట్టుకుని తరం నుంచి తరానికి దిగుతుందని 1917లో రాశాడు. అక్కగారు ఒంగోలు నుంచి మోసుకెళ్ళిన కబుర్లు ఆయన చెవిన ఎంతవరకు పడ్డాయో గాని, ఆ పుస్తకం చదువుతుంటే నాకు పౌను గింజల కోసం కాలువగట్టు మీద వరసకట్టిన ఆడవాళ్ళే కళ్ళముందు మెదిలారు.