వైద్య పరికరాల విడిభాగాలు: సరఫరాదారులకు తయారీ ప్రక్రియ ధ్రువీకరణ నిబంధనలు

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని పెద్దలు చెబుతారు. కుండలోని మెతుకులన్నీ ఒకే నీటిలో, ఒకే మంటపై ఉడుకుతాయి గనుక ఆ మాట అక్కడ చెల్లుతుంది. సిరంజిని ఉంచే సంచి విషయంలో అది చెల్లదు. యంత్రం సంచుల అంచులను వేడితో అతికిస్తూ పోతుంది. అతుకు బలాన్ని కొలవాలంటే దానిని చింపి చూడాలి. చింపిన సంచి మరి పనికిరాదు. అతుకులో సన్నని సందు మిగిలినా లోపలి సిరంజి క్రిమిరహితంగా ఉంటుందన్న భరోసా పోతుంది. ఆ లోపం రోగికి హాని జరిగిన తరువాతనే బయటపడవచ్చు.

ఇటువంటి పనులలో, తయారుచేసే పద్ధతి ప్రతిసారీ సరైన ఫలితమే ఇస్తుందని ముందుగా రుజువు చేయాలి. దీనినే తయారీ ప్రక్రియ ధ్రువీకరణ అంటారు. కర్మాగారాలలో ప్రాసెస్ వ్యాలిడేషన్ అన్న మాటే వాడుక.

ఏ పనులకు అవసరం?

తరువాత కొలిచి తేల్చుకోలేని ప్రతి పనికీ ఇది అవసరమని ఐ.ఎస్.ఓ. 13485 ప్రమాణం 2016 నాటి కూర్పు చెబుతున్నది. వేడితో అతికించడం, ప్లాస్టిక్ వెల్డింగ్, క్రిమిరహితం చేయడం ఈ కోవలోనివి. ప్రతి భాగాన్నీ గేజీతో కొలిచి చూడగలిగిన చోట ఆ కొలతే సరిపోతుంది.

బాధ్యత ఎవరిది?

మన దేశంలో వైద్య పరికరాల నియమావళి, 2017 అనేది 2018 జనవరి 1 నుండి అమలులో ఉన్నది. తయారీదారు పాటించవలసిన నాణ్యతా విధానం దాని ఐదవ షెడ్యూలులో ఉన్నది. పనిని బయటి కర్మాగారానికి అప్పగించినా, పరికరం తయారుచేసే సంస్థ బాధ్యత తొలగిపోదు. అందుచేత సరఫరాదారుతో వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి.

ఒప్పందంలో ఉండవలసినవి

1. ఏయే పనులకు ధ్రువీకరణ కావాలో స్పష్టమైన పట్టిక.
2. పరీక్షా విధానం, ఉత్తీర్ణతా హద్దులు, నమూనాల సంఖ్య. ఇవి పరీక్షకు ముందే నిర్ణయం కావాలి. ఉదాహరణకు, 59 నమూనాలలో ఒక్కటీ విఫలం కాకపోతే, కనీసం 95 శాతం భాగాలు సరైనవని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. అదే నమ్మకంతో 99 శాతం కావాలంటే 299 నమూనాలు చూడాలి. రోగికి ప్రమాదం హెచ్చినకొద్దీ హద్దు కూడా హెచ్చాలి.
3. యంత్రం, అచ్చు, ముడిసరుకు, స్థలం మార్చదలచినప్పుడు ముందుగా తెలియజేయాలన్న షరతు.
4. రికార్డులను ఎంతకాలం భద్రపరచాలన్న నిర్ణయం.

మూడు దశలు

మొదటిది ఐ.క్యూ. యంత్రాన్ని సరిగా అమర్చారా, కొలత సాధనాలు సరిచూసినవేనా అని ఇందులో పరిశీలిస్తారు. రెండవది ఓ.క్యూ. వేడి, ఒత్తిడి, సమయం అనుమతించిన కనిష్ఠ, గరిష్ఠ హద్దులలో ఉన్నప్పుడు కూడా భాగం సరిగా వస్తున్నదా అని చూస్తారు. మూడవది పి.క్యూ. రోజువారీ పరిస్థితులలో, పనివారు మారినా, ముడిసరుకు విడత మారినా ఫలితం నిలకడగా ఉన్నదా అని తేలుస్తారు. ఇందుకు మూడు విడతలు నడపడం ఆనవాయితీ. ఎన్ని విడతలు కావాలో కారణం చూపి నిర్ణయించడం మేలైన పద్ధతి.

పనివారు గమనించవలసినది

హోసూరు, బెంగళూరు పరిసరాల కర్మాగారాలలో పనిచేసే సరిహద్దు గ్రామాల యువతకు ఈ నియమాలు దూరపు విషయాలు కావు. ఉత్పత్తి వేగం పెంచడానికి రికార్డులో వ్రాయకుండా వేడిని కొద్దిగా మార్చినా, రుజువైన హద్దు దాటితే ఆ ధ్రువీకరణ చెల్లదు. అప్పటినుండి తయారైన సరుకంతా అనుమానాస్పదమే. పై అధికారికి చెప్పి, రికార్డులో వ్రాసి, అనుమతి పొందిన తరువాతనే మార్పు చేయాలి. అక్కడ అతికిన సంచియే ఒకనాడు తమ ఊరి ఆరోగ్య కేంద్రంలో, తమ బిడ్డ కోసం తెరుచుకోవచ్చు.