ల్యాబు బీరువాలోని రాయి – బెలుం గుహల కథ

స్వర్ణోత్సవ సంచికకు ఒక వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు, "నేను ఇంజనీరును, లెక్కలే తప్ప రాతలు రావు" అన్నాను. "చదువుకున్న రోజుల సంగతే రాయండి, కాస్త చరిత్ర కూడా కలిస్తే ఇంకా మంచిది" అన్నారు. అప్పుడు నాకు మన సైన్సు ల్యాబు బీరువాలో, రెండో అరలో ఉండే గాజు సీసా గుర్తొచ్చింది. అందులో చూపుడువేలంత రాయి. సీసాకు అంటించిన కాగితం మీద "స్టాలక్టైట్, బెలుం, 7 సెం.మీ." అని మా సైన్సు సారు చేతిరాత. 1985 తర్వాత చదివినవాళ్లలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. అది అక్కడికి ఎలా వచ్చిందో మాత్రం సారుకూ, నాకూ, మా తరగతిలో మరో నలుగురైదుగురికీ తప్ప తెలియదు. యాభై ఏళ్ల పండుగలోనైనా ఆ సంగతి చెప్పేస్తే నా మనసు తేలిక పడుతుంది.

1985లో, సంక్రాంతి సెలవులు అయిపోయిన తర్వాతి ఆదివారం అది. మేము తొమ్మిదో తరగతి. పొద్దున్నే ఆర్టీసీ బస్సెక్కి కొలిమిగుండ్ల దగ్గర దిగి, సద్దిమూటలు భుజాన వేసుకుని నడిచాం. గుహ అంటే కొండలో ఉంటుందనుకున్నాం. అక్కడ కొండే లేదు. ఎటు చూసినా చదును నేల, జొన్న చేలు, సెనగ చేలు. వాటి మధ్య బావుల్లాంటి పెద్ద గుంతలు. ఇప్పుడున్న టికెట్టు కౌంటరు, ఇనుప మెట్లు, రంగు దీపాలు అప్పుడు లేవు. గుంత చుట్టూ చెత్తా చెదారం, ముళ్లకంప. "దీనికోసమా సార్ ఇంత దూరం తెచ్చింది?" అని మా వెనకబెంచీ వాడొకడు అననే అన్నాడు.

గొర్రెలు మేపుకుంటున్న ఒక పెద్దాయన మాకు దారి చూపడానికి ఒప్పుకున్నాడు. సారు మాకు చెబుతున్నారు: "1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఇంగ్లీషాయన ఈ గుహల్ని కనుక్కున్నాడు." పెద్దాయన విని నవ్వాడు. "కనుక్కునేదేముంది సారూ? మా తాతల కాలం నుంచీ ఉండాది ఇది. మా ఊరి పేరే దీని పేరు కదా!" అన్నాడు. బిలం అనే మాట నుంచే బెలుం వచ్చిందని చెబుతారు. సారు కాసేపు ఆలోచించి, "నిజమే పెద్దాయనా, ఆయన కనుక్కోలేదు, కాగితం మీద పెట్టినాడు" అని తన మాటను తానే దిద్దుకున్నారు. పిల్లల ముందు, ఒక గొర్రెల కాపరి చెబితే, మాస్టారు మాట మార్చుకోవడం నేను చూడటం అదే మొదలు.

రాళ్ల మీద కాళ్లు ఆనించుకుంటూ లోపలికి దిగాం. తిరిగి రావడానికి గుర్తుగా సారు వాకిట్లో ఒక రాయికి దారం కట్టి ఉండ విప్పుకుంటూ నడిచారు. ముందు చల్లగా ఉంటుందనుకున్నాం. లోపలికి పోయేకొద్దీ ఉక్క, చెమట. కొన్నిచోట్ల వంగి, కొన్నిచోట్ల పాకి పోయాం. ఒక పెద్ద గది లాంటి చోటికి వచ్చాక సారు అందరినీ కూర్చోబెట్టి, "ఇప్పుడు టార్చిలన్నీ ఆర్పండి" అన్నారు.

చీకటి అంటే ఏమిటో అప్పుడే తెలిసింది. మన ఊళ్లో కరెంటు పోయినా చుక్కలుంటాయి, ఎక్కడో ఒక బుడ్డి దీపం ఉంటుంది. అక్కడ కళ్లు మూసినా తెరిచినా ఒకటే. అల్లరి పిల్లలం ఇరవైమందిమి ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఎక్కడో ఒక చుక్క నీరు పడిన చప్పుడు. చాలాసేపటికి ఇంకో చుక్క. అప్పుడు సారు ఒక్క టార్చి వెలిగించి పైకి చూపించారు. మర్రిచెట్టు ఊడల్లా కప్పు నుంచి రాళ్లు వేలాడుతున్నాయి! ఎవరికీ మాట రాలేదు. వెనకబెంచీ వాడు మెల్లిగా, "ఎవరు చెక్కినారు సార్?" అన్నాడు. "నీళ్లు" అన్నారు సారు.

ఆయన అక్కడే చెప్పిన పాఠాన్ని ఇంజనీరింగ్ చదివాక నేను వివరంగా అర్థం చేసుకున్నాను. మన రాయలసీమ నేల ఒకప్పుడు సముద్రపు అడుగు. అందులో పొరలు పొరలుగా పేరుకున్నదే ఈ సున్నపురాయి. యాభై కోట్ల ఏళ్లకు పైబడినది. గవ్వలూ నత్తలూ ఇంకా పుట్టని కాలం నాటిది. వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని కాస్త పుల్లబడి, రాతి బీటల్లోకి దిగి సున్నాన్ని కరిగిస్తుంది. అలా బీటలు సందులవుతాయి, సందులు గుహలవుతాయి. అదే నీరు గుహ కప్పు నుంచి కారేటప్పుడు ఆ వాయువు గాలిలో కలిసిపోయి, సున్నం చుక్క చుక్కగా అక్కడే గడ్డకడుతుంది. ఆ ఊడలు అట్లా దిగినవే.

ఈ రాళ్లకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లు చూస్తే మనవాళ్లకు ముచ్చటేస్తుంది. భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాతి పొరల మీద ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. కర్నూలు పొరల వరుస ఇది: బనగానపల్లె, నర్జి, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల. బస్టాండులో కండక్టరు కేకలాగా ఉంటుంది గానీ, ప్రపంచంలో ఎక్కడి భూగర్భ శాస్త్ర విద్యార్థి అయినా మన నేల గురించి చదివితే ఈ ఊళ్ల పేర్లే చదవాలి. బెలుం గుహలు ఏర్పడింది కడప జిల్లా నర్జి పేరు మోసే సున్నపురాయిలోనే. మన ఇళ్లలో పరిచే నాపరాయి కూడా ఇక్కడి సున్నపురాయే.

ఫుట్ సామాన్యుడు కాడు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో రాతియుగపు పనిముట్టును గుర్తించి, భారతదేశ చరిత్రపూర్వ యుగ పరిశోధనకు నాంది పలికినవాడు. 1884లో ఆయన, ఆ తర్వాత ఆయన కొడుకు హెన్రీ, బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్ని తవ్వించారు. అక్కడ దొరికిన జంతువుల ఎముకల్లో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి! ఆ జాతికి కర్నూలు పేరే పెట్టారు. చెట్టు నీడ కోసం వెతుక్కునే మన సీమలో ఒకప్పుడు ఖడ్గమృగాలు తిరిగాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

బెలుం విషయానికొస్తే, ఫుట్ తర్వాత దాదాపు వందేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1982, 83లలో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ గుహాన్వేషకులు వచ్చి లోపలి దారుల్ని కొలిచి పటం గీశారు. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు. ప్రవేశం నుంచి 46 మీటర్ల లోతున ఉన్న పాతాళగంగ అన్నిటికన్నా అడుగున ఉన్న చోటు. బౌద్ధ, జైన సన్యాసులు పూర్వం ఇక్కడ నివసించారని చెబుతారు. మేము వెళ్లింది గెబావర్ వచ్చిన రెండేళ్లకే. సారు ఆ వార్త పేపర్లో చదివి, దాచిపెట్టుకుని, మమ్మల్ని తీసుకెళ్లారు.

ఇక నా సంగతి. అందరూ వెనక్కి మళ్లినప్పుడు నేను చివర ఉన్నాను. చేతికందే ఎత్తులో ఒక చిన్న ఊడ. ఇంటికి తీసుకెళ్లి అమ్మకు చూపిద్దామనుకున్నాను. పట్టుకుని వంచాను. టక్కున విరిగింది. జేబులో వేసుకున్నాను.

బస్సులో పక్కవాడికి చూపించాను. వాడు ఇంకొకడికి చూపించాడు. మర్నాడు సారు నన్ను పిలిచి చేయి చాపారు. కొడతారనుకుని చెయ్యి చాపాను. "చెయ్యి కాదు, రాయి" అన్నారు. స్కేలు పెట్టి కొలవమన్నారు. ఏడు సెంటీమీటర్లు. బోర్డు దగ్గరికి పంపి లెక్క చేయించారు. ఇటువంటిది సగటున ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు పెరుగుతుందనుకుంటే, డెబ్భై మిల్లీమీటర్లకు ఎన్నేళ్లు? ఏడు వందలు. 1985లోంచి ఏడు వందలు తీసేస్తే? 1285. "అప్పుడు ఓరుగల్లును ఏలుతున్నది ఎవరు?" "రుద్రమదేవి సార్." "ఊఁ. కూర్చో" అన్నారు. అంతే. దెబ్బ లేదు, తిట్టు లేదు. మా అమ్మానాన్నలకూ చెప్పలేదు. రాయిని సీసాలో పెట్టి బీరువాలో ఉంచారు. కాగితం మీద నా పేరు రాయలేదు.

నేను ఇంజనీరునై చేరింది సిమెంటు ఫ్యాక్టరీలో. రోజుకు వేల టన్నుల సున్నపురాయిని బట్టీలో కాల్చడం నా ఉద్యోగం. దాదాపు 900 డిగ్రీల దగ్గర రాయిలోని కార్బన్ డయాక్సైడు వదిలిపోయి సున్నం మిగులుతుంది. మన ఇళ్లూ, ఆనకట్టలూ, ఈ బడి కొత్త భవనమూ నిలబడింది దానివల్లే; ఆ పనికి నేను సిగ్గుపడను. కానీ గని హద్దు గీసే సమావేశాల్లో కూర్చున్నప్పుడల్లా ఆ బోర్డు మీది లెక్క గుర్తొచ్చేది. ఒకసారి సర్వేలో రాతి కింద బోలు తగిలితే, దాన్ని చూడకుండా పేల్చవద్దని వాదించాను. అది చిన్న సందే, గుహ కాదు. రెండు రోజుల పని ఆగిందని మాట పడ్డాను. మళ్లీ అలాంటిది తగిలినా అదే చేసేవాణ్ణి.

బెలుం అదృష్టం బాగుంది. ఒక విశ్రాంత పోలీసు అధికారి, ఇంకొందరు స్థానిక పెద్దలు పట్టుబట్టడంతో 1988 తర్వాత చెత్త వేయడం ఆగింది. పర్యాటక సంస్థ దారులు వేసి, దీపాలు పెట్టి, లోపలికి గాలి పంపే ఏర్పాటు చేసి 2002 ఫిబ్రవరిలో జనానికి తెరిచింది. సుమారు కిలోమీటరున్నర దూరం హాయిగా నడిచి చూడవచ్చు. మేము కూర్చున్న చోటులాంటి ఊడల గదికి ఇప్పుడు ఊడలమర్రి అని పేరు. మొన్న మా మనవరాలిని తీసుకెళ్లాను. రంగు దీపాలు చూసి సంతోషించింది. దానికి ఆ చీకటిని చూపించలేకపోయానే అని నాకు కొరత.

సారు ఇప్పుడు లేరు. పోయిన నెల బడికి వెళ్లినప్పుడు ల్యాబులో ఆ సీసా ఇంకా ఉంది. కాగితం పసుపుబారింది, అక్షరాలు చెదరలేదు. ప్రధానోపాధ్యాయుల వారి అనుమతి తీసుకుని, సారు రాత కింద ఒక వాక్యం రాసి నా పేరు, బ్యాచి నంబరు పెట్టాను: "దీనిని 1985లో విరిచింది నేను."

సంఘానికి ఒక మనవి. ఏటా తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక్కరోజు బెలుం తీసుకెళ్దాం. బస్సు ఖర్చు మా బ్యాచి భరిస్తుంది. వీలైతే అక్కడివారిని అడిగి ఒక్క నిమిషం దీపాలు ఆర్పిద్దాం. బయలుదేరే ముందు మాత్రం పిల్లలందరికీ ఆ సీసా చూపించండి.