ఓపికకు జీతమెంత?

నేను కస్టమర్ కేర్‌లో చేరానని తెలిసినప్పటి నుంచి మా నాయుడుపేటలో నాకు ఎక్కువగా వినిపించిన మాట ఒకటే. "నీకేంమా, ఓపిక ఎక్కువ, ఆ పని నీకు బాగా కుదురుతుంది." పొగడ్త అనే తీసుకున్నాను. నలభై రెండేళ్లకు మొదటిసారి నా పేరు మీద జీతం పడుతున్నప్పుడు ఎవరు ఏమన్నా పొగడ్తలాగే వినబడుతుంది. కానీ పదిమంది అదే మాట అన్నాక సందేహం మొదలైంది. ఫోనులో జవాబు చెప్పే పనికీ ఆడవాళ్ల ఓపికకీ ఈ ముడి వేసిందెవరు? మధ్యాహ్నాలు షిఫ్టు లేనప్పుడు చదువుతూ పోతే ఆ కథ నన్ను బోస్టన్ దాకా లాక్కెళ్లింది.

టెలిఫోను పుట్టిన కొత్తలో ఎక్స్ఛేంజీల్లో మగపిల్లల్నే పెట్టుకున్నారు. అంతకుముందు టెలిగ్రాఫు ఆఫీసుల్లో పనిచేసిన కుర్రాళ్లు వాళ్లు. తీగల దగ్గర చురుకైనవాళ్లే, మనుషులతోనే వచ్చింది చిక్కు. ఫోను చేసినవాళ్లతో పోట్లాడేవాళ్లు, తిట్టేవాళ్లు, సరదాకి ఒకరి లైను ఇంకొకరికి కలిపేవాళ్లు. 1878 సెప్టెంబరు 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే అమ్మాయిని తీసుకున్నారు. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటర్ ఆమే. గొంతు మృదువుగా ఉంది, మాట మర్యాదగా ఉంది, జనానికి నచ్చింది. చూస్తుండగానే ఆ కుర్చీలన్నీ ఆడవాళ్లవైపోయాయి.

ఇందులో కంపెనీలకు ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. ఆడవాళ్లకు మగవాళ్లకంటే తక్కువ జీతమిస్తే సరిపోయేది. పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదులుకోవాలనే నియమం చాలా చోట్ల ఉండేది. ఓపిక ఆడదానికి పుట్టుకతో వచ్చేదే కదా, పుట్టుకతో వచ్చినదానికి విడిగా డబ్బెందుకు ఇవ్వాలి అనే లెక్క అక్కడే మొదలైనట్టుంది. ఆ ఓపిక కూడా ఒకనాడు అయిపోయింది. 1919 ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో వేలమంది ఆపరేటర్లు హెడ్‌సెట్లు తీసి బయటికొచ్చేశారు. వాళ్లకు ముందు నిలబడింది జూలియా ఓ'కానర్ అనే ఆపరేటరే. వారం తిరక్కుండానే జీతాలు పెంచుకుని తిరిగి కుర్చీల్లో కూర్చున్నారు. ఇది చదివిన రోజు నేను మా ఆయనకు రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఆయన "అర్థమైందిలే" అన్నారు.

మన దేశానికి ఫోను త్వరగానే వచ్చింది. 1882 జనవరిలో కలకత్తా ఎక్స్ఛేంజి మొదలైనప్పుడు ఉన్న చందాదారులు 93 మంది. మా పెద్దవాళ్ల మాటల్లో మిగిలిన ఫోను మాత్రం ట్రంక్ కాల్. ఊరు చెప్పి, నంబరు చెప్పి, బుక్ చేసుకుని, గంటల తరబడి కాచుకోవాలి. మామూలు కాల్, అర్జెంటు, లైట్నింగ్ అని మూడు రకాలు. తొందర పెరిగేకొద్దీ ధర పెరిగేది. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే, అవతల ఆపరేటరమ్మ మనసు పెడితే లైను తొందరగా కలిసేదని మా అమ్మ చెప్పేది. ఆమె పేరు ఎవరికీ తెలియదు, గొంతు మాత్రం అందరికీ తెలుసు.

ఆ గొంతుల అవసరం మెల్లగా తగ్గింది. 1960లో లక్నో, కాన్పూర్‌ల మధ్య మొదటి ఎస్టీడీ లైను పడింది. 1984లో సీ-డాట్ పుట్టింది, శామ్ పిట్రోడా పేరు ఇంటింటా వినబడింది, ఊరూరా పసుపు రంగు ఎస్టీడీ బోర్డులు లేచాయి. రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ. పెళ్లయిన కొత్తలో పుట్టింటితో మాట్లాడాలని నిద్ర ఆపుకుని బూతుల ముందు నిలబడినవాళ్లు ఇది చదివేవాళ్లలో కొందరైనా ఉంటారు.

తర్వాత వచ్చినవి కాల్ సెంటర్లు. 1990ల చివర్లో బ్రిటిష్ ఎయిర్‌వేస్, జీఈ వంటి కంపెనీలు తమ పనులు ఇండియాకు తెచ్చాయి. గుర్గావ్, ముంబయి, బెంగళూరు, ఆ వెనకే హైదరాబాదు. అక్కడి పగలు మనకు రాత్రి కాబట్టి షిఫ్టు రాత్రిపూటే. ఇంగ్లీషు నోరు తిరగాలి, పెట్టుకున్న పేరు పక్కనపెట్టి ఇంకో పేరుతో పలకాలి. 2005 డిసెంబరులో బెంగళూరులో రాత్రి షిఫ్టుకు బయల్దేరిన ఒక ఉద్యోగినిని క్యాబ్ డ్రైవరే చంపేశాడు. అప్పుడు మన వైపు ఎన్ని ఇళ్లలో "కాల్ సెంటరు వద్దు" అన్నారో లెక్క ఎవరూ రాసి ఉండరు. అదే సంవత్సరం ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైంది. తెలుగులో ఏడుస్తూ ఫోను చేసేవాళ్లకు తెలుగులో ధైర్యం చెప్పి అంబులెన్సు పంపే పని. నా దృష్టిలో మన భాషలో ఈ ఉద్యోగానికి గౌరవం తెచ్చింది 108 అవతల వినబడిన గొంతులే.

అయితే ఇవన్నీ ఊరు వదిలి వెళ్లగలిగినవాళ్ల ఉద్యోగాలు. ఇంట్లో కూర్చుని చేసే పని కాదా ఇది అని నాకు ముందే అనిపించేది. కాదు, చట్టమే అడ్డం ఉండింది. ఇలాంటి సెంటర్లు టెలికాం శాఖ దగ్గర రిజిస్టరు కావాలి, ఉద్యోగిని ఇంటి నుంచి పని చేయించాలంటే బ్యాంకు గ్యారంటీలు, షరతులు. లాక్‌డౌన్‌లో తాత్కాలికంగా సడలించారు. 2020 నవంబరు 5న కొత్త మార్గదర్శకాలు ఇచ్చి రిజిస్ట్రేషనూ గ్యారంటీలూ తీసేశారు. పేపర్లో ఏ మూలనో వచ్చిన ఆ చిన్న వార్త నా జీవితాన్ని మారుస్తుందని ఆ రోజు నాకు తెలియదు.

మా వైపు ఆడపిల్లలకు పనులు లేవని కాదు. శ్రీసిటీలో 2015 నుంచి ఫోన్లు తయారవుతున్నాయి, అక్కడ చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. తెల్లారేసరికి కంపెనీ బస్సుల కోసం రోడ్డు పక్కన ఐడీ కార్డులు వేసుకుని నిలబడి ఉంటారు. ఫోను తయారుచేసే పనికి ఇరవై ఏళ్లవాళ్లు కావాలి. ఆ ఫోనులో మాట్లాడే పనికి నన్ను తీసుకున్నారు. వంటింటి సామాన్లు అమ్మే ఒక కంపెనీ తరఫున తెలుగు కాల్స్. మూడు వారాల శిక్షణ, ఒక హెడ్‌సెట్, మా పడకగదిలో కిటికీ పక్కన ఒక బల్ల.

ఆ మూడు వారాల్లో తెలిసింది, నాకున్నదనుకున్న ఓపిక ఈ పనికి సరిపోదని. ఇంట్లో మన ఓపిక అంటే చాలావరకు నోరు మూసుకోవడమే. ఇక్కడ నోరు మూసుకుంటే మార్కులు పోతాయి. అవతలి మనిషి అరుస్తుంటే మధ్యలో అడ్డుపడకుండా విని, ఆ అరుపులోంచి అసలు సమస్య ఏరి, అదే ఆయనకు తిరిగి చెప్పి, "ఇదేనా సార్?" అని అడగాలి. అడుగుతూనే టికెట్ రాయాలి. హోల్డులో పెట్టేముందు చెప్పాలి, ఎంతసేపో చెప్పాలి. ఒక్కో కాల్ ఎన్ని నిమిషాలు పట్టిందో పైన ఎవరో చూస్తుంటారు. ఇది పుట్టుకతో వచ్చేది కాదండీ, నేర్చుకునేది. కుట్టుమిషను నేర్చుకున్నట్టే.

భాషది ఇంకో కథ. మాకిచ్చిన స్క్రిప్టులో "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఉంటుంది. వెంకటగిరి నుంచి ఒక పెద్దాయన అది విని, "ఏందిమా, ఏమంటుండావు? మిక్సీ తిరగతా లేదు అంటుండా" అన్నాడు. ఆయనకు మన మాటలో చెప్పాను. ఒక ముసలామెను మేడమ్ అనకుండా అవ్వా అన్నందుకు నాకు క్వాలిటీలో రెండు మార్కులు తగ్గించారు. ఆ అవ్వ మాత్రం ఫోను పెట్టేముందు "చల్లగా ఉండు తల్లీ" అంది. జిల్లాల గొడవ సరేసరి. మాది 2022 ఏప్రిల్‌లో నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది, ఇప్పటికీ మా వీధిలో సగం మంది అడ్రసు చెప్పమంటే నెల్లూరు అనే అంటారు. అలాంటివాళ్ల మిక్సీ ఏ సర్వీసు సెంటరుకు పోవాలో తేల్చేసరికి నాలుగు నిమిషాలు.

ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికన్ సోషియాలజిస్టు 1983లో ఒక పుస్తకం రాసింది, ది మేనేజ్డ్ హార్ట్ అని. విమానాల్లో పనిచేసే ఆడవాళ్లు జీతం కోసం తెచ్చిపెట్టుకునే చిరునవ్వు కూడా శ్రమేనని, మూటలు మోసినట్టే అదీ మనిషిని అలిసిపోయేలా చేస్తుందని ఆమె వాదన. అదే పుస్తకంలో బాకీలు వసూలు చేసేవాళ్ల గురించి కూడా ఉంది. వాళ్ల పని కోపం తెచ్చిపెట్టుకోవడం. చిరునవ్వు పని ఎక్కువగా ఆడవాళ్లకు, కోపం పని ఎక్కువగా మగవాళ్లకు. లోన్ యాప్‌ల నుంచి వచ్చే ఫోన్లు ఎత్తినవాళ్లకు ఆ రెండో పని ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆమె చెప్పిన అలసట నాకు సాయంత్రం ఆరున్నరకు తెలుస్తుంది. హెడ్‌సెట్ తీసి వంటింట్లోకి వెళ్లాక మా వాడు "అమ్మా, చార్జర్ ఎక్కడ?" అని అడిగితే జవాబు చెప్పడానికి నోరు రాదు. మొదట్లో వాడు నాకు కోపం వచ్చిందనుకున్నాడు. ఇప్పుడు అరగంట నన్ను ఏమీ అడగకూడదని ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయన టీ పెట్టడం నేర్చుకున్నారు, చక్కెర ఇంకా ఎక్కువే వేస్తున్నారు.

ఈమధ్య తేలిక కాల్స్ అన్నీ ముందే మిషను తీసుకుంటోంది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ తిప్పి తిప్పి, ఇక తేలనివాటినే మాకు పంపుతుంది. అంటే నాదాకా వచ్చేసరికి మనిషి అప్పటికే వేడెక్కి ఉంటాడు. కాల్స్ కష్టమయ్యాయి, జీతం చేరిన రోజుదే. వచ్చే సోమవారం నా ఆరు నెలల రివ్యూ. ఏం అడగాలో కాగితం మీద రాసుకున్నాను, అంకెతో సహా.