కన్నపు నేరం: గోడ నుంచి కులం దాకా

మన కథల్లో, నాటకాల్లో దొంగలకు కొదవలేదు. కాని చట్టం దొంగతనాన్ని ఎన్ని రకాలుగా విడదీసిందో తెలుసుకుని రాసేవాళ్ళు తక్కువ. రాత్రి గోడకు కన్నం వేసి బిందెలు పట్టుకుపోయినా దోపిడీ అంటాం, పట్టపగలు దారి కాచి కొట్టినా దోపిడీ అంటాం. పత్రికలవాళ్ళ సంగతి సరేసరి. చట్టం లెక్క వేరు. మనిషిని కొట్టిగాని భయపెట్టిగాని సొమ్ము తీసుకుంటేనే అది దోపిడీ. అయిదుగురో అంతకుమించో కలిసి చేస్తే బందిపోటుతనం. కన్నపు నేరం ఈ రెంటికీ భిన్నమైనది. ఇందులో పోయిన సొమ్ముకన్నా ముఖ్యమైనది ఇల్లు. చిల్లిగవ్వ పోకపోయినా నేరం పూర్తయినట్టే.

ఇంగ్లీషువాళ్ళు బర్గ్లరీ అనే ఈ నేరానికి 17వ శతాబ్దంలో ఎడ్వర్డ్ కోక్ ఒక నిర్వచనం కట్టిపెట్టాడు. పరాయివాడి నివాసగృహాన్ని, రాత్రివేళ, ఛేదించి, ఘోరనేరం చేసే ఉద్దేశంతో లోపల ప్రవేశించాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా అది బర్గ్లరీ కాదు. మరి రాత్రి అంటే ఎప్పుడు? మనిషి ముఖం పోల్చుకోగల పగటి వెలుతురు మిగిలివుంటే అది రాత్రి కాదని 18వ శతాబ్దంలో బ్లాక్‌స్టన్ వివరించాడు. వెన్నెల వెలుతురు మాత్రం లెక్కలోకి రాదట! నవ్వొచ్చే మాటే గాని, నిందితుడికి అది నవ్వులాట కాదు. ఆ నేరానికి శిక్ష ఉరి.

ఆ కాలపు ఇంగ్లండులో ఆస్తి పెరిగినకొద్దీ ఉరికంబాలూ పెరిగాయి. 1713 నాటి చట్టం ప్రకారం ఇంట్లో నలభై షిల్లింగుల విలువైన సొత్తు దొంగిలిస్తే మరణదండనే. జూరీలో కూర్చున్నవాళ్ళు మనుషులే గనుక, ఎంత విలువైన వస్తువు పోయినా దాని ఖరీదు ముప్ఫైతొమ్మిది షిల్లింగులని తీర్పు చెప్పి ప్రాణాలు కాపాడిన సందర్భాలు ఎన్నో. హింస లేని బర్గ్లరీకి ఉరి తప్పింది 1837లో. 1861 నాటి చట్టం రాత్రిని గడియారంతో కొలిచి, తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అంది. 1968లో ఆ రాత్రి షరతునే తీసేశారు.

మన దేశంలో కన్నానికి చరిత్ర ఇంకా పాతది. రాత్రి గోడ తొలిచి దొంగిలించేవాడి చేతులు నరికి శూలానికి గుచ్చమని మనుస్మృతి రాజుకు చెప్పింది. అదే సంప్రదాయంలో సాహిత్యం మరో దారి పట్టింది. మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటి గోడ ముందు నిలబడి, ఏ ఆకారంలో కన్నం వేస్తే బాగుంటుందా అని శిల్పిలాగా ఆలోచిస్తాడు. కొలతాడు మరచిపోయి వచ్చినందుకు జంధ్యాన్నే కొలతాడుగా వాడతాడు. మన కేతన 13వ శతాబ్దంలో తెనిగించిన దశకుమార చరిత్రలో అపహారవర్మ రాజకుమారుల గుంపులోవాడే, చోరవిద్యలో పండితుడే. వీళ్ళిద్దరినీ ఆ గ్రంథాలు మనుషులుగానే చూశాయి. ఒకడు ప్రేమకోసం దొంగ అయినవాడు, ఒకడు సాహసి. వాళ్ళ పుట్టుకను బట్టి మొత్తం కులాన్నే దొంగల కులమని ఎవరూ అనలేదు. అనరు కూడా, శర్విలకుడు వేదాలు చదివిన తండ్రికి పుట్టినవాడు కదా!

1860లో తయారై 1862 నుంచి అమలైన ఇండియన్ పీనల్ కోడ్‌లో బర్గ్లరీ అనే మాటే లేదు. 'గృహభేదనం' అని చెప్పుకోదగ్గ నేరాన్ని 445వ సెక్షన్ ఆరు మార్గాలుగా విడదీసి చెప్పింది. మొదటి ఉదాహరణే మన మట్టిగోడలను గుర్తుచేస్తుంది. గోడకు కన్నం పెట్టి, అందులోంచి చెయ్యి లోపలికి పోనిస్తే చాలు, ఇంట్లోకి ప్రవేశించినట్టే. ఇంటివాడు పోగొట్టుకున్న తాళంచెవి దొరికితే, దానితో తలుపు తీసుకుని దొంగబుద్ధితో లోపలికి వెళ్ళినా అదే నేరం. మామూలు దొంగతనానికి మూడేళ్ళు గరిష్ఠశిక్ష అయితే, దొంగిలించే ఉద్దేశంతో సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య ఇల్లు ఛేదిస్తే పద్నాలుగేళ్ళ దాకా వేయవచ్చు. ఆ సమయంలో కన్నం వేసేవాణ్ణి ఆపడానికి, మరో దారి లేకపోతే, ప్రాణం తీసే హక్కు కూడా ఇంటివాడికి ఉంది.

ఇంతవరకు చట్టం చూసింది పనిని. గోడ, చీకటి, చెయ్యి, ఉద్దేశం. ప్రతి ఒక్కటీ కోర్టులో రుజువు కావాలి. పాఠకులు ఇక్కడొక విషయం గమనించాలి. ఇల్లంటే ఏమిటో చెబుతూ 442వ సెక్షన్ కట్టడంతోపాటు గుడారాన్నీ, పడవనూ చేర్చింది. మనిషి కాపురముంటే గుడారం కూడా ఇల్లే! కాగితంమీద ఎంత ఉదారమైన మాట!

ఆ గుడారాల్లో కాపురమున్నవాళ్ళకు మాత్రం పదేళ్ళు తిరక్కముందే మరో చట్టం వచ్చింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం మొదట ఉత్తరాదిన అమలై, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. మన ఎరుకలవాళ్ళు అంతకుముందు కోస్తా ఉప్పును ఎద్దులమీద, గాడిదలమీద లోపలి ఊళ్ళకు చేరవేసి, తిరుగుదారిన ధాన్యం తెచ్చుకునే వర్తకులు. రైళ్ళు వచ్చాయి, సర్కారు ఉప్పు విధానం మారింది, బతుకుతెరువు పోయింది. తెరువు పోయినవాడి సంచారం పోలీసుల కంటికి నేరంగా కనిపించింది. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర వాళ్ళకొక సెటిల్‌మెంటు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి, మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు తగిలించారు. అదే స్టూవర్టుపురం. ఊరు దాటాలంటే పాసు కావాలి. పాసు లేకుండా బయట కనిపించడమే నేరం.

ఈ చట్టంలోని 24వ సెక్షన్‌ను పీనల్ కోడ్ పక్కన పెట్టి చదివితే మతి పోతుంది. రిజిస్టరులో పేరున్నవాడు దొంగతనానికి అదను కోసం కాచుకుని ఉన్నాడని కోర్టుకు తోస్తే చాలు, మూడేళ్ళ దాకా శిక్ష. కన్నం అక్కర్లేదు. కన్నంలోంచి పోనిచ్చిన చెయ్యి అక్కర్లేదు. పద్మశాలికో, కోమటికో, రెడ్డికో ఇటువంటి సెక్షన్ ఊహించగలమా? పని మీద ఉన్న నేరం మనిషి మీదికి, మనిషి మీంచి పుట్టుక మీదికి ఎక్కింది. ఇళ్ళను కాపాడే చట్టం ఇళ్ళున్నవాళ్ళకు మిగిలింది. గుడారంవాడి చుట్టూ మాత్రం దాటరాని గిరి గీసింది.

మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం రద్దయింది. దాని చోట అలవాటు నేరస్థుల చట్టాలు కూర్చున్నాయి. 1970ల్లో జాషువా కుమార్తె హేమలత, ఆమె భర్త లవణం స్టూవర్టుపురంలో తిరిగి ఆ కుటుంబాలతో కలిసి పనిచేశారు. సాహిత్యలోకం ఈ కృషిని పట్టించుకున్నది కొంచెమే. 1991లో మాత్రం ఆ ఊరి పేరు పోలీస్ స్టేషన్‌తో జతపడి సినిమాకు ఎక్కింది. పొరుగూళ్ళలో చదువుకోబోయిన పిల్లలు మాది ఫలానా ఊరని చెప్పుకోవడానికి జంకే స్థితిని ఏ సెక్షనూ రద్దు చేయలేదు.

2024 జూలై 1 నుంచి పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. గృహభేదనం 330వ సెక్షన్‌కు, దాని శిక్షలు 331కి మారాయి. అంకెలు మారినా కన్నం, తాళంచెవి, సూర్యాస్తమయం అన్నీ దాదాపు యథాతథంగానే ఉన్నాయి. అదే ఏడాది అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలను కొట్టేస్తూ, విముక్త జాతులవాళ్ళను అలవాటు నేరస్థులుగా జమకట్టే జైలు మాన్యువళ్ళ రాతలను కూడా తప్పుపట్టింది. చట్టం రద్దయిన డెబ్బై రెండేళ్ళకు కూడా ఆ రాతలు జైలు పుస్తకాల్లో చెరగకుండా ఉన్నాయన్నమాట.