పేకముక్కల మీద మొదలైన కేటలాగు

గ్రంథాలయంలో పుస్తకానికి కార్డు రాయడమంటే దాని మీదున్న పేర్లు చూసి ఎక్కించడమేనని చాలామంది నమ్మకం. కార్డు కేటలాగు పుట్టిందీ ఆ నమ్మకంతోనే. చర్చిల నుంచి, మఠాల నుంచి స్వాధీనం చేసుకున్న పుస్తకాల లెక్క తేల్చమని 1791లో ఫ్రాన్సు విప్లవ ప్రభుత్వం జిల్లాలకు ఉత్తర్వులు పంపింది. పేకముక్కల మీద రాయమంది. అప్పట్లో వాటి వెనుక వైపు ఖాళీగా ఉండేది మరి! ముఖపత్రంలో ఉన్నది ముక్క మీదికి దించాలి. రచయిత ఇంటిపేరు కింద, రచయిత తెలియకపోతే పుస్తకం పేరులోని ముఖ్యమైన మాట కింద గీత గీయాలి. ఆ మాటల అక్షరక్రమంలో ముక్కలు పేర్చి, ఎడమ వైపు కింది మూలన దారం గుచ్చి పారిస్‌కు పంపాలి. అక్షరం ముక్క వచ్చిన ఎవరైనా చేసేస్తారన్న ధీమా ఈ సూచనల నిండా కనిపిస్తుంది. ముక్కలైతే లక్షల్లో చేరాయి గానీ, తలపెట్టిన జాతీయ గ్రంథసూచి పూర్తికాలేదు.

ఆ ధీమాను గట్టిగా ఎదిరించినవాడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఇటలీ ప్రవాసి ఆంటోనియో పనిజ్జి. 1841లో ఆయన 91 నియమాలు అచ్చువేయించాడు. ఇంత తతంగమెందుకు, పొట్టి వివరాలతో జాబితా వేస్తే చాలదా అని పండితులే విసుక్కున్నారు. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు: నియమాలతో పాటు అచ్చయిన కేటలాగు ‘ఏ’ అక్షరం దగ్గరే ఆగిపోయింది. అయితే మ్యూజియంపై వేసిన విచారణ సంఘం కార్యదర్శి జాన్ పేన్ కాలియర్, పని ఎంత సులువో చూపిస్తానని 25 పుస్తకాల వివరాలు చకచకా రాసిచ్చాడు. పనిజ్జి సహాయకుడు వింటర్ జోన్స్ పరిశీలిస్తే వాటి నిండా తప్పులే. జాబితా రాసేవాడు మిగుల్చుకున్న శ్రమ ఎక్కడికీ పోదు, పాఠకుడి నెత్తినే పడుతుంది.

కంప్యూటర్ వచ్చాక ఇదంతా పాతచింతకాయ పచ్చడేనంటారు. ఏ మాట కొట్టినా పుస్తకం దొరుకుతుంది కదా అని వాదన. దొరికేది ఆ మాట ఉన్న పుస్తకమే. శ్రీశ్రీ అని వెతికినవారికి శ్రీరంగం శ్రీనివాసరావు పేరుతో నమోదైనవీ కనిపించాలంటే, ఆ ఇద్దరూ ఒకరేనని ముందుగా ఒక మనిషి రాసిపెట్టి ఉండాలి. 1960లలో అమెరికాలో హెన్రియెట్ ఏవ్రమ్ ‘మార్క్’ పద్ధతి రూపొందించి పుస్తక వివరాలను యంత్రం చదివేలా చేసింది. ఏ పేరు ఎవరిదో తేల్చే పని మాత్రం మనిషికే మిగిలింది. కాబట్టి పాత రిజిస్టర్లను కంప్యూటర్‌కెక్కిస్తున్న మన గ్రంథాలయాలు టైపు వచ్చినవారితో సరిపెట్టుకోకుండా, కలంపేర్ల వెనుక మనుషులెవరో తెలిసిన ఒక్కరినైనా ఆ పనిలో పెట్టాలి.