సాంచాల గదిలో పన్నెండు వోల్టుల థర్మోస్టాట్: ఉపయోగము, హద్దులు

మన సరిహద్దు పల్లెలలో భీవండి పేరు వినని ఇల్లు అరుదు. మహారాష్ట్రలోని ఠాణే జిల్లాకు చెందిన ఈ మరమగ్గాల పట్టణానికి ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్లగొండ, నిజామాబాద్ జిల్లాల నుండి నేత కుటుంబాలు తరతరాలుగా వలసపోతున్నవి. 1982 జనవరిలో మొదలైన బొంబాయి నూలు మిల్లుల సమ్మె తరువాత నేతపని మిల్లుల నుండి మరమగ్గాలకు మరింతగా తరలడంతో ఆ వలస పెరిగింది. అక్కడి పద్మానగర్‌లో నేటికీ తెలుగు మాట వినిపిస్తుంది. వేసవి రాగానే ఇక్కడి తల్లిదండ్రులు ఫోనులో అడిగే మొదటి ప్రశ్న కూలి గురించి కాదు, గదిలో ఉక్క గురించి. అందుకే కొన్ని వందల రూపాయలలోపు దొరికే ఒక చిన్న పరికరాన్ని గురించి ఈ వారం వివరిస్తున్నాము. అది ఏమి చేయగలదో, అంతకంటె ముఖ్యంగా ఏమి చేయలేదో తెలిసి కొనడం మేలు.

థర్మోస్టాట్ అనగా వేడిని బట్టి తనంతట తాను ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్చి. ఇది నేటి ఆలోచన కాదు. 17వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో డచ్చి దేశీయుడైన కార్నెలిస్ డ్రెబెల్ కోడిగుడ్లు పొదిగే పెట్టెలో మంటను అదుపు చేయడానికి ఇటువంటి ఏర్పాటు చేశాడు. 1883లో అమెరికాలో వారెన్ జాన్సన్ అనే ఉపాధ్యాయుడు విద్యుత్తుతో పనిచేసే గది థర్మోస్టాట్‌కు పేటెంటు పొందాడు. ఇప్పుడు బజారులో విరివిగా దొరికేది డబ్ల్యూ 1209 అనే అగ్గిపెట్టెంత పలక. అది పన్నెండు వోల్టుల డి.సి. కరెంటుతో నడుస్తుంది. రిలే పనిచేయునప్పుడు కూడ ఆంపియరులో పదో వంతు మించి తీసుకొనదు గనుక పాత 12 వోల్టుల అడాప్టరైనా, చిన్న బ్యాటరీయైనా సరిపోతుంది. తీగ చివరనున్న సెన్సరు వేడిని కొలుస్తుంది, పలక మీది ఎర్రటి అంకెలు దానిని చూపుతవి, మనము నిర్ణయించిన అంకె దాటగానే లోపలి రిలే 'టక్' మని కలుస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉన్నది. పలక మీద కె0, కె1 అని వ్రాసిన రెండు బిగింపుల నుండి కరెంటు రాదు. అవి కేవలం స్విచ్చి కొనలు. 230 వోల్టుల ఫ్యానుకు పెట్టునప్పుడు ఫేజు తీగను వాటి గుండా పంపవలెను; న్యూట్రలు నేరుగా ఫ్యానుకు పోవలెను. న్యూట్రలును స్విచ్చి చేసినచో ఫ్యాను ఆగినట్టు కనబడినను దాని తీగలలో కరెంటు నిలిచియే ఉంటుంది. పన్నెండు వోల్టుల పలకయే కదా అని చేయి పెట్టరాదు, ఏలయనగా అదే పలక అడుగున 230 వోల్టుల టంకపు చుక్కలు తెరిచి ఉంటవి. మూతగల ప్లాస్టిక్ పెట్టెలో బిగించకుండా గోడకు మేకులతో వేలాడదీయడం ప్రాణాంతకము. ఈ భాగము లైసెన్సు గల ఎలక్ట్రీషియన్ చేతనే చేయించవలెను. ఆ లైను మీద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండుట ఇంకను మంచిది.

పలక మీద మూడు మీటలుంటవి. 'సెట్' ఒకసారి నొక్కి కావలసిన వేడిని, అయిదు సెకన్లు నొక్కిపట్టి మిగిలిన అమరికలను మార్చవచ్చు. పి0లో 'సి' అన్నచో చల్లబరచుట, అనగా ఫ్యానుకు. 'హెచ్' అన్నచో వేడిచేయుట, అనగా హీటరుకు. పి1 అనునది కలియుటకు, విడిపోవుటకు నడుమ ఎడము. ఫ్యానుకు రెండు డిగ్రీల ఎడము చాలును. మరీ తగ్గించినచో రిలే మాటిమాటికి కొట్టుకొని త్వరగా పాడవుతుంది. బిగించిన తరువాత సెన్సరును గోరువెచ్చని నీటి గిన్నెలో ఒకసారి, చన్నీటిలో ఒకసారి పెట్టి ఫ్యాను తిరుగుట, ఆగుట చూచుకొనవలెను.

ఇక అసలు ప్రశ్న: భీవండి సాంచాల గదిలో ఇది పనికివచ్చునా? ముందుగా ఆ వేడి ఎక్కడిదో చూడవలెను. మగ్గానికి వెళ్ళిన విద్యుత్తు గుడ్డలో నిలవదు. మోటారులోను, రాపిడిలోను దాదాపు అంతయు వేడిగా మారి ఆ గదిలోనే పడుతుంది. ఒక కార్ఖానాలో ఇరవైనాలుగు మగ్గాలు, ఒక్కొక్కటి అర కిలోవాటు చొప్పున నడుస్తున్నవనుకుందాము. మొత్తము పన్నెండు కిలోవాట్లు. అనగా వేసవి మధ్యాహ్నము వెయ్యి వాట్ల హీటర్లు పన్నెండు వెలిగించి ఆ గదిలో మనిషిని నిలబెట్టినట్టు. పైన రేకులుంటే ఎండ వేడి వేరు. ఈ పన్నెండు కిలోవాట్లను బయటికి పంపి, లోపలి గాలి బయటికంటె అయిదు డిగ్రీలు మాత్రమే ఎక్కువ ఉండునట్లు చేయడానికి గంటకు సుమారు 7,200 ఘనపు మీటర్ల గాలి మారవలెను. అగ్గిపెట్టెంత పలక ఈ లెక్కను మార్చలేదు. తగినన్ని ఎగ్జాస్టు ఫ్యాన్లు, వాటికి ఎదురుగా గాలి లోపలికి వచ్చు దారి ఉంటేనే థర్మోస్టాటుకు చేయడానికి పని ఉంటుంది.

యజమానులు కిటికీలు మూయించుటకు ఒక కారణము చెబుతారు. నూలు నేతకు గాలిలో తేమ కావలెను. గాలి పొడిబారితే పోగు తెగుతుంది, మగ్గము ఆగుతుంది, మీటరు లెక్కన కూలి తీసుకొను కార్మికునికి ఆ మేరకు కోత పడుతుంది. ఇది అబద్ధము కాదు. కాని సముద్రతీరానికి దగ్గరనున్న భీవండిలో సంవత్సరములో అధిక భాగము బయటి గాలి కూడ తేమగానే ఉంటుంది. సిరిసిల్ల ఎండాకాలపు పొడిగాలికి సరిపోయే వాదన అక్కడికి అంతగా సరిపోదని మా అభిప్రాయము. అంతగా భయమున్నచోట థర్మోస్టాటే రాజీ మార్గము: ఫ్యాన్లు రోజంతా కాక గది నిజముగా వేడెక్కినప్పుడే తిరుగుతవి. పెద్ద షెడ్డు ఫ్యాన్ల మోటార్లు మొదలయ్యేటప్పుడు నడిచే కరెంటుకు అనేక రెట్లు లాగుతవి గనుక ఈ చిన్న రిలేతో నేరుగా నడపరాదు. రిలే కాంటాక్టరును నడపవలెను, కాంటాక్టరు ఫ్యాన్లను నడపవలెను.

సెన్సరు స్థానము కూడ ముఖ్యమే. రేకుకు అంటించితే ఎండ కొలుస్తుంది, మోటారు పక్కన పెడితే మోటారును కొలుస్తుంది. మనిషి నిలబడు చోట తల ఎత్తున, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా పెట్టవలెను. ఈ పరికరము తేమను ఎరుగదు. మనిషి దేహము చెమట ఆరినప్పుడు చల్లబడుతుంది. తేమగాలిలో చెమట ఆరదు. మన ఆదిలాబాద్ వైపు పొడి ఎండలో 38 డిగ్రీలు ఓర్చినవాడు భీవండి ఉక్కలో 34 డిగ్రీలకే సొమ్మసిల్లవచ్చు. కావున అక్కడ అంకెను 30 దగ్గర ఉంచుట మేలు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది దూది నూగు. సాంచాల గదిలో అది తీగల మీద, దూలాల మీద, పెట్టెలలోపల పేరుకుంటుంది. రిలే కలిసి విడిపోవు ప్రతిసారి లోపల చిన్న రవ్వ పుడుతుంది. వదులైన బిగింపు వేడెక్కుతుంది. నూగు అంటుకొనడానికి అంతకంటె ఏమి కావలెను? పలకను నూగు చొరని పెట్టెలో, వీలైతే మగ్గాల గది బయట ఉంచి, సెన్సరు తీగను మాత్రమే లోపలికి తీసుకొనవలెను. పై అంతస్తులలోను, అటకల మీదను కార్మికులు నిద్రించు కార్ఖానాలలో ఈ జాగ్రత్తను తేలికగా తీసుకొనరాదు.

నిద్రించు గదుల సంగతి వేరు. షిఫ్టుల వంతున ఒకే గదిని పంచుకొనువారికి చిన్న ఎగ్జాస్టు ఫ్యానును ఈ పలక నేరుగా నడపగలదు. కాని మగ్గాల గది ఎల్లప్పుడు బయటికంటె వేడి. పడకగది అట్లు కాదు. మిట్టమధ్యాహ్నము బయటి గాలియే వేడిగా ఉన్నప్పుడు ఎగ్జాస్టు ఫ్యాను ఆ వేడిని లోపలికి లాగుతుంది. ఒక్క సెన్సరు గల థర్మోస్టాటుకు బయటి సంగతి తెలియదు. అందుచేత పగలు స్విచ్చి ఆపి, పొద్దు వాలిన తరువాత దానికి అప్పగించవలెను. ఒంటిమీద తిరుగు ఫ్యానైనను గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు చల్లబరచదని, పైగా దేహాన్ని వేడెక్కించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మాట తడబడుట, తిక్కగా ప్రవర్తించుట, ఒళ్ళు కాలిపోవుట కనబడితే అది వడదెబ్బ. తడిగుడ్డలతో తుడుస్తూ 108కి ఫోను చేయవలెను. ఆ అంబులెన్సు సేవ మహారాష్ట్రలోను ఉన్నది.

భీవండిలో హీటరు అవసరము దాదాపు లేదు. ఆ అవసరము మన ఊళ్ళలో, ఆదిలాబాద్ చలి పది డిగ్రీలలోపుకు దిగు డిసెంబరు, జనవరి నెలలలో, కోడిపిల్లల గూటిలో వస్తుంది. ఒకరోజు పిల్లలకు మొదటి వారము సుమారు 35 డిగ్రీలు కావలెను. తరువాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించవచ్చు. పిల్లలు బల్బు కింద గుంపుగా ముడుచుకుంటే చలి, దూరంగా నోరు తెరుచుకొని ఉంటే వేడి అని గ్రహించవలెను. అంకెకంటె వాటి నడవడియే నమ్మదగినది. వంద వాట్ల బల్బులు రెండు ఈ రిలేకు బరువు కాదు. రెండు వేల వాట్ల కాయిలు హీటరు మాత్రము ఎనిమిదిన్నర ఆంపియర్లు దాటుతుంది. రిలే మీద పది ఆంపియర్లు అని అచ్చువేసి ఉన్నను గంటల తరబడి అంత భారము మోపితే దాని కాంటాక్టులు కరిగి అతుక్కుపోవచ్చు. అప్పుడు అంకె ఎంత చూపినను హీటరు ఆరదు. అందువలన పొట్టు పరచిన గూటిలో ఎర్రని కాయిలు హీటరు పెట్టరాదు. బల్బులతోనైనను, గీజరులో ఉండు మాదిరి వేడి మించితే తెగిపోవు కటౌటును ఫేజు తీగలో వేరుగా కలిపి, బల్బును పొట్టుకు మూరెడు ఎత్తున గొలుసుతో వ్రేలాడదీయవలెను.